డోర్నకల్ బిషప్ అజరయ్య: తుఫానుల్లో నిలిచిన విశ్వాసం

మన మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్ జంక్షన్ పేరు వినని వారుండరు. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో ఇల్లెందు బొగ్గు గనుల వైపు లైను చీలిపోయే చోటు అది. వందేళ్ల క్రితం ఇంగ్లండులో, అమెరికాలో ఎందరికో మన దేశంలోని పెద్ద పట్టణాలు తెలియకపోయినా ఈ చిన్న ఊరి పేరు తెలుసు. అందుకు కారణం ఒక్క మనిషి. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన మన గిరిజనుల్లో పుట్టినవాడు కాదు. ఈ ప్రాంతం వాడు కూడా కాదు. మరి గిరిజన సాంస్కృతిక సంఘం సంచికలో ఆయన గురించి ఎందుకు రాస్తున్నారని ఎవరైనా అడగవచ్చు. మన సంఘంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లం మొక్కు చెల్లించేవారున్నారు, సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవారున్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవారూ ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది. అయితే కష్టం వచ్చినప్పుడు దేవుణ్ణి గట్టిగా పట్టుకుని నిలబడటం ఎలాగో, నమ్మకం మారినా నేలనూ భాషనూ పాటనూ ఎందుకు విడవకూడదో అజరయ్య జీవితం చెబుతుంది. అందుకే ఆయన కథ మనందరికీ పనికివస్తుందని నమ్మి రాస్తున్నాను.

బాల్యం, తల్లి పెంపకం

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె చర్చికి పాదిరి. తల్లి పేరు ఎలెన్. ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక కలిగిన కొడుకు కాబట్టి, బైబిలులో హన్నా ప్రార్థించి కన్న బిడ్డ పేరే పెట్టి శామ్యూల్ అన్నారు.

1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి పిల్లవాడికి పదిహేనేళ్లు. పల్లెటూరి పాదిరి ఇంట్లో ఆస్తులేమి ఉంటాయి? తల్లి మిషన్ బోర్డింగ్ స్కూలులో మేట్రన్‌గా పనిచేస్తూ కొడుకును చదివించుకుంది. వార్డెన్ ఉద్యోగం చేస్తున్న నాకు ఈ విషయం చదివినప్పుడు మనసు నిండిపోయింది. వందమంది పిల్లలకు అన్నం పెట్టించి, జ్వరం వస్తే నుదురు పట్టి చూసి, రాత్రి లెక్క సరిచూసుకుని తలుపులు వేయించే పని ఎలాంటిదో చేసినవారికే తెలుస్తుంది. ఆ పనిలో ఉన్న తల్లి దగ్గర పెరిగిన పిల్లవాడే తరువాత లక్షలమందికి కాపరి అయ్యాడు.

తిరునెల్వేలి క్రైస్తవుల్లోనూ కులం పట్టింపులు ఉండేవి. విద్యార్థిగా ఉన్నప్పుడే ఆ పట్టింపులు పోవాలని తోటివారితో కలిసి ఒక సంఘం పెట్టిన వ్యక్తి అజరయ్య. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ డిగ్రీ పట్టా మాత్రం చేతికి రాలేదు. మన పిల్లలు ఒక పరీక్ష పోతే బతుకే పోయిందనుకుంటారు. పట్టా లేని ఈ యువకుడికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

వైఎంసీఏ నుంచి డోర్నకల్‌కు

1895లో ఇరవై ఒక్క ఏళ్ల వయసులో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం తీసుకోలేదు, ఆడంబరం చేయలేదు. తరువాతి రోజుల్లో మన పల్లెల్లో ఆడవారి మధ్య ఆమె చేసిన పని ఎంతో ఉంది.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతోనే తమవారిని సువార్త పనికి పంపడం చూశారు. మనమెందుకు ఎప్పుడూ దొరల డబ్బు మీద, దొరల పాదిరిల మీద ఆధారపడాలి అన్న ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. 1905 క్రిస్మస్ రోజున బెంగాలులోని సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. రెండింటి వెనుకా ఆయన చేయి ఉంది.

తిరునెల్వేలి సొసైటీ వారు తమ మిషనరీలను పంపడానికి ఎంచుకున్నది నైజాం రాజ్యంలోని మన మానుకోట, డోర్నకల్ ప్రాంతం. ఎందుకంటే ఇక్కడ బడులు లేవు, వైద్యం లేదు, సువార్త చెప్పేవారూ తక్కువ. ఇతరులను వెళ్లమని చెప్పి తాను పట్టణంలో కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. వైఎంసీఏలో మంచి పేరు, పెద్ద స్థానం ఉన్నా 1909లో వదిలేసి, గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. అప్పుడు ఆయనకు ముప్పై ఐదేళ్లు. ఆ వయసులో అ ఆలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. భాష రాని చోట కొత్తగా చేరిన పిల్ల పడే అవస్థ మన హాస్టళ్లలో రోజూ చూస్తాం. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పెద్దవాడై ఉండి, పేరున్నవాడై ఉండి, మన పల్లెవాసుల నోట మాట నేర్చుకోవడానికి తలవంచిన మనిషి ఆయన.

అప్పటి మన పల్లెలు

అప్పటి తెలంగాణ పల్లె ఎలా ఉండేదో మన తాతలు చెప్పగా విన్నాం. దొరల గడీలు, వెట్టిచాకిరీ, తరతరాలు తీరని అప్పు. మాల మాదిగ వాడలకు ఊరి బావి నీళ్లు లేవు. గూడేల్లో, తండాల్లో మలేరియా జ్వరం వస్తే ఆకు పసరే గతి. 1918లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరం దేశమంతా చుట్టి లక్షలమందిని తీసుకుపోయింది. అలాంటి చోట అజరయ్య ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. అన్బు అమ్మగారు కూడా వెంట ఉండేవారు.

ఆయన దగ్గరకు ఎక్కువగా వచ్చినవారు మాల, మాదిగ కుటుంబాలవారు. పదిమందీ ఒకేసారి, వాడకు వాడే కలిసి బాప్తిస్మం కోరేవారు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ పని ఆయన రాకకు చాలా ముందే మొదలైంది. గోదావరి కాలువ పనులకు వచ్చిన హేగ్ అనే ఇంజినీరు 1860 ప్రాంతంలో దానికి కారకుడు. తరువాత జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ చాలాకాలం ఉండి కోయ భాష నేర్చుకుని దాని మీద రాశారు. బయటివారు మన భాషను పనికిరానిదిగా చూసిన కాలంలో అది కూడా గుర్తుంచుకోదగినదే.

దొరలతో స్నేహం గురించి అడిగిన మాట

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో మన ఆసియా దేశాలవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. ఆ సభలో అజరయ్య లేచి మాట్లాడారు. మిషనరీలు చేసిన త్యాగాలను తరతరాలు తలచుకుంటామని చెబుతూనే, వారికీ భారతీయ క్రైస్తవులకూ మధ్య సమానుల స్నేహం లేదని, తమకు కావలసింది ఆ స్నేహమేనని సూటిగా చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు సిగ్గుపడ్డారు. తిట్టకుండా, బతిమాలకుండా ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం ఎంత కష్టమో అధికారుల ముందు నిలబడి మన హక్కు అడిగినవారికి తెలుసు. ఆయన ధైర్యం ఎవరి అండ చూసుకుని వచ్చింది కాదు. దేవుని ఎదుట మనుషులందరూ సమానమన్న నమ్మకం నుంచి వచ్చింది.

మొదటి భారతీయ బిషప్

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అజరయ్యను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నడిపించకపోతే అది జరిగేది కాదు. ఎందుకంటే రెండు వైపుల నుంచీ గాలివాన లేచింది. నల్లవాడి కింద మేమెలా పనిచేస్తామని కొందరు మిషనరీలు అన్నారు. మనవాడికి అంత పెద్ద పదవి నిభాయించడం చేతనవుతుందా అని మన క్రైస్తవుల్లోనే కొందరు అనుమానించారు. సొంతవారి అనుమానం బయటివారి అవమానం కన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది. ఆయన ఎవరితోనూ పేచీకి దిగలేదు. వచ్చి డోర్నకల్‌లో పనిలో పడ్డారు.

మొదట చిన్న ప్రాంతంగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలం తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల వరకు విస్తరించింది. అనుమానించిన మిషనరీల్లో చాలామంది ఆయన కిందే పనిచేశారు. 1941 నాటికి మండలంలో ఆంగ్లికన్ క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1930ల నడిమికి గ్రామ ఉపాధ్యాయులే రెండు వేలమందికి పైగా ఉండేవారు. పగలు పిల్లలకు చదువు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు అక్షరాలు, ప్రార్థన. వీళ్లలో ఎక్కువమంది ఆ పల్లెల్లోనే పుట్టినవారు. మాస్టారంటే పై కులంవాడే అనుకునే రోజుల్లో, వెట్టి చేసిన ఇంటి బిడ్డ పలక పట్టించి చదువు చెప్పడం చిన్న సంగతి కాదు.

నాలుగు దయ్యాలు

అజరయ్య పల్లెల్లో నాలుగు దయ్యాల మీద యుద్ధం ప్రకటించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. చెట్టు మీది దయ్యాన్ని వెళ్లగొట్టడం కన్నా ఈ నాలుగింటిని వెళ్లగొట్టడమే కష్టమని ఆయనకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన సరిపోదు, ఇల్లు శుభ్రంగా ఉండాలి, కల్లు సారా మానాలి, అప్పు చేయకూడదు, పిల్లలను బడికి పంపాలి అని పట్టుబట్టేవారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, చేతిపనుల శిక్షణ, అచ్చుయంత్రం వచ్చాయి. అంటే విశ్వాసం ఆదివారం పాటలోనే ఆగిపోలేదు. సోమవారం కూలి డబ్బు ఎక్కడికి పోతుందన్న దాకా వచ్చింది.

ఇరవై ఏళ్లుగా హాస్టల్ పిల్లల మధ్య ఉన్నాను. భూపాలపల్లి వైపు గూడేల నుంచి, జనగామ తండాల నుంచి, ఇక్కడి మానుకోట చుట్టుపక్కల నుంచి వచ్చిన ఆడపిల్లలను చూశాను. సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్ల తిరిగి రాలేదంటే చాలాసార్లు వెనుక ఈ నాలుగు దయ్యాల్లో ఒకటి ఉంటుంది. నాయన గుడుంబాకు పెట్టిన డబ్బు, మిర్చి పంట పోయి మిగిలిన అప్పు, ఇంట్లో మంచం పట్టిన రోగం. పత్తి ఏరడానికి చేతులు కావాలని బడి మాన్పిస్తారు. లేదా పదహారేళ్లకే పెళ్లి చూపులు. అజరయ్య పోయి ఎనభై ఏళ్లు దాటినా ఆ దయ్యాలు పోలేదు. అందుకే ఆయన పాత మనిషి అనిపించడు నాకు.

ఆయన నేర్పిన మరో సంగతి ఇవ్వడం. పేదవాళ్లమని చేయి చాచడం అలవాటు కాకూడదని ఆయన పట్టు. ఇంటి ఇల్లాలు వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘం కోసం పక్కన పెట్టేది. పిడికెడు పిడికెడు కలిసి ఊరి చర్చి, బడి నిలబడ్డాయి. దాతృత్వం మీద ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం తరువాత అనేక భాషల్లోకి వెళ్లింది. ఇచ్చే చేయి ఉన్నవాడు తలెత్తుకుని నిలబడతాడు. తండాలో ఇంటింటా చందా వేసుకుని తీజ్ పండుగ చేసుకునే మనకు ఈ మాట కొత్తగా ఉండదు.

మన నేల రూపంలో గుడి

డోర్నకల్‌లోని ఎపిఫనీ కతీడ్రల్‌ను చూడనివారు ఒకసారి చూడండి. గుమ్మటాలు, మసీదు మినార్లను తలపించే బురుజులు, మన దేవాలయ మండపాల మాదిరి స్తంభాలు, రాతిలో తామరపూలు. చర్చి అంటే ఇంగ్లండు నమూనాలోనే ఉండాలన్న ఆలోచనను అజరయ్య పక్కన పెట్టారు. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పం మూడూ ఒకచోట కలిసిన కట్టడమది. డబ్బు చాలక, మధ్యలో యుద్ధం, కరువు వచ్చి కట్టడం ఏళ్ల తరబడి సాగింది. చివరకు 1939లో ప్రతిష్ఠ జరిగింది. ఒక గోడ లేవడానికి పాతికేళ్లు ఎదురుచూడటం కూడా విశ్వాసమే.

ఆరాధనలోనూ అంతే. తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటం వంటి మన పల్లె కళలకు చోటిచ్చారు. కొత్త నమ్మకం వచ్చింది కదా అని డప్పు మూలన పడేయమని చెప్పలేదు. ఈ సంగతి మన తరానికి చాలా అవసరం. చర్చికి వెళ్లే మన ఇళ్లలో కొందరు అమ్మమ్మ పాటలు పాడటం పాపమనుకుంటున్నారు. మరో వైపు, చర్చికి వెళ్లేవాడు మనవాడే కాదని అనేవారూ ఉన్నారు. ఇద్దరికీ డోర్నకల్ గుడి రాళ్లే జవాబు చెబుతాయి. దేవుణ్ణి నమ్మడం అంటే తల్లి భాషను వదలడం కాదు. రెండు విశ్వాసాలున్న ఇంట్లో ఒకే కంచంలో తినడం అసాధ్యమూ కాదు.

గాంధీజీతో అభిప్రాయ భేదం

1930లలో ఆయనకు మరో పెద్ద తుఫాను ఎదురైంది. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక దేశమంతా మతమార్పిడుల మీద వాదోపవాదాలు చెలరేగాయి. పేదవారిని మతం మార్చడం సరికాదని గాంధీజీ అభిప్రాయం. డోర్నకల్ పనిని కూడా విమర్శించారు. దేశమంతా గాంధీజీని మహాత్ముడని కొలుస్తున్న రోజుల్లో ఆయనతో విభేదించడం తేలిక కాదు. అజరయ్య మర్యాద తప్పకుండానే తన మాట మీద నిలబడ్డారు. పేదవాడికీ ఆత్మ ఉంది, ఆలోచన ఉంది, తన దారి తాను ఎంచుకునే హక్కు ఉంది అన్నది ఆయన వాదం.

అలాగని ఆయన దేశాన్ని కాదన్నవాడు కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు, దేశ జీవితం నుంచి వేరుపడటం మంచిది కాదని వద్దన్న క్రైస్తవ నాయకుల్లో ఆయన ముఖ్యుడు. కాబట్టి ఒక వైపు దొరల చర్చిలో భారతీయుల గౌరవం కోసం, మరో వైపు భారతదేశంలో పేద క్రైస్తవుల గౌరవం కోసం రెండు చోట్లా నిలబడవలసి వచ్చింది. రెండు చోట్లా మాటలు పడ్డారు. ఈ విషయంలో ఎవరిది ఒప్పు అన్నదాని మీద ఈనాటికీ మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ద్వేషం లేకుండా విభేదించడం మాత్రం ఆ ఇద్దరి నుంచీ నేర్చుకోవచ్చు.

చూడని ఫలం

ఆయన జీవితంలో అతి పెద్ద కోరిక క్రైస్తవ సంఘాల ఐక్యత. ఒకే ఊళ్లో ఒకే దేవుణ్ణి కొలిచేవారు తలా ఒక మిషన్ పేరుతో విడిపోవడం ఆయనను బాధించింది. 1919లో తమిళనాడులోని ట్రాంక్విబారులో జరిగిన సమావేశంలో ఐక్యత కోసం వేసిన తొలి అడుగులో ఆయన ముందున్నారు. తరువాత పాతికేళ్లు సభలు, ఉత్తరాలు, చర్చలు, వాయిదాలు. ఒక సంఘం ఒప్పుకుంటే మరొకటి వెనక్కి తగ్గేది.

1945 జనవరి 1న డెబ్బయ్యో ఏట అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. పుట్టిన తిరునెల్వేలికి తిరిగి వెళ్లలేదు. మన మట్టిలోనే కలిశారు. ఆయన పోయిన రెండేళ్ల తొమ్మిది నెలలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మనం సీఎస్ఐ అంటున్నది దాన్నే. ఆయన కలగన్నది నిజమైంది, చూడటానికి ఆయన లేరు.

ప్రార్థన చేయగానే కష్టం తీరిపోవడమే విశ్వాసం అనుకునేవారు ఆయన జీవితాన్ని జాగ్రత్తగా చూడాలి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పట్టా రాలేదు. సొంతవారు అనుమానించారు, పెద్దవారు విమర్శించారు. కోరిన ఐక్యత కళ్లముందు జరగలేదు. గలిలయ సముద్రంలో శిష్యుల పడవ తుఫానులో చిక్కుకున్న కథ బైబిలులో ఉంది. యేసు పడవలోనే ఉన్నాడు, అయినా తుఫాను వచ్చింది. దేవుడు తోడుంటే తుఫాను రాదని ఆ కథ చెప్పదు. తోడున్నవాడు వదిలిపోడని చెబుతుంది. అజరయ్య ఒక్కో తుఫానులో ఒక్కో మెట్టు ఎదిగారు. తండ్రి లేని పిల్లవాడి నుంచి యువనాయకుడిగా, అక్కడి నుంచి మన పల్లెల సేవకుడిగా, ఆ తరువాత తనను కాదన్నవారిని కూడా కలుపుకుపోయే పెద్దగా.

మన పిల్లలు పదో తరగతి పరీక్ష రాసే ముందు, సీటు రాక కుంగిపోయినప్పుడు, ఇంటి కష్టాలకు బడి మానాలనుకున్నప్పుడు ఈ కథ చెప్పండి. ఏ దేవుణ్ణి నమ్మే ఇల్లయినా సరే. మన జిల్లా మట్టిలో నిద్రిస్తున్న ఒక మేట్రన్ కొడుకు కథ ఇదని చెప్పండి. చదువు ఆపవద్దనీ, అప్పుకూ తాగుడుకూ లొంగవద్దనీ, తండా పాట మరవవద్దనీ చెప్పండి. ఈ రోజు విత్తనం వేసిన చేయే పంట కోయాలన్న నియమం లేదు. మనం ఆపకుండా చదివించిన ఆడపిల్ల రేపు ఎవరి ఇంట్లో దీపం పెడుతుందో మనం చూడకపోవచ్చు. చదివించడం మాత్రం మన పని.